కెలంతాన్ వానకాలమున మా కాపురము

మలేషియా దేశపు పటమును ముందుంచుకొని చూచితిరేని, ద్వీపకల్పమునకు ఈశాన్యపు మూలను, థాయిలాండు సరిహద్దు నానుకొని, కెలంతాన్ అను రాష్ట్రము కానవచ్చును. దానికి ముఖ్యపట్టణము కోట భారు. ఆ పేరు మన చెవికి పరాయిదిగా తోచదు. మలయు భాషలో కోట యనగా కోటయే. భారు అనగా క్రొత్తది. కుటుంబమునకు వీరు కెలుఅర్గ యందురు. మన కుల, వర్గ శబ్దములే అట్లు కలిసినవి. భార్యను ఇస్తెరి యనియు, భర్తను సుఆమి యనియు వ్యవహరింతురు. ఇట్టి పరిచితములైన మాటలు చెవిని బడుచుండుటచేత పరదేశమునకు వచ్చితిమను దిగులు మాకు మొదటి నెలలోనే కొంత తగ్గినది. ఇచ్చట వారాంతపు సెలవులు శుక్ర శనివారములు. ఆదివారమున పిల్లలు బడికి బోవుదురు. అదియు త్వరలోనే అలవాటైనది. కాని యీ యూరి వానకాలము నలవరచుకొనుటకు మాత్రము కొన్ని యేండ్లు పట్టినది. ఆ వానకాలమున సంసారము గడచు తీరును మీకు విన్నవించుటకే యీ వ్యాసము.

మనయింట తొలకరి జ్యేష్ఠమాసపు చివర వచ్చును. దీపావళినాటికి వానలు వెనుకపట్టును. ఇచ్చట నట్లు కాదు. మన స్త్రీలు కార్తిక స్నానములకు సిద్ధమగు వేళకే యిచ్చట అసలు వానలు ఆరంభమగును. చీనా దేశమునందును, దానికావలనున్న సైబీరియాయందును చలి ముదిరినపుడు అచ్చటి బరువైన చల్లగాలి దక్షిణముఖముగా బయలుదేరును. అది దక్షిణచీనా సముద్రమును దాటునపుడు కావలసినంత తేమను పీల్చుకొని, ఈ తూర్పుతీరమును తాకి, లోపలి కొండలకు ఒరసికొని, మోసికొనివచ్చిన నీటినంతయు కుమ్మరించును. ఇదియే ఈశాన్య ఋతుపవనము. నెల్లూరు సీమ సోదరీమణులకు దీనిని గూర్చి వేరుగ జెప్ప నక్కఱలేదు. ఆ కాలముననే బంగాళాఖాతముమీదుగా వచ్చి వారి చెఱువులను నింపునది యీ ఈశాన్యపు గాలియే. కాని పరిమాణమున భేదము చాల గలదు. హైదరాబాదున ఏడాది పొడుగున కురియు వానకంటె కోట భారున నవంబరు, డిసెంబరు నెలలు రెండింటిలోనే కురియు వాన యెక్కువ.

ఈ కాలమును ఇచ్చటివారు ముసిమ్ తెంగ్కుజుహ్ అందురు. వాన యెడతెగక కురియుననుకొనకుడు. గాలి యొక విసరు విసరినపుడు మూడు నాలుగు దినములు సూర్యుని దర్శనముండదు. ఆ తరువాత ఒకటి రెండు దినములు తెఱపి యిచ్చును. మరల నింకొక విసరు వచ్చును. ఇల్లాలి పనియంతయు ఆ తెఱపి దినములమీద ఆధారపడియుండును. తెఱపి యిచ్చిన యుదయమున వీధిలోని యే యింట జూచినను పరుపులు, దిండ్లు, చెప్పులు, పుస్తకములు వసారాలలో బారులు తీరి యుండును. మొదటి యేట ఆ సందడిని జూచి నేను వింతపడితిని. రెండవ యేటినుండి మాయింటి పరుపులే ముందుగా బయటికి వచ్చుచున్నవి.

వానకాలమున గృహిణికి ప్రధానశత్రువు చెమ్మ. ఉప్పు నీరుకారును. బెల్లము కరగి పాకమగును. అప్పడములు మెత్తపడును. ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టినచో మూడవనాటికి బూజు పట్టును. అందుచేత నేను ఉప్పుడబ్బాలో కొన్ని బియ్యపుగింజలు వేయుదును. కందిపప్పును, రవ్వను అక్టోబరులోనే దోరగా వేయించి బిగుతైన మూతగల డబ్బాలలో పోయుదును. ఆవకాయను పెద్దజాడీనుండి పదిదినములకు చాలినంత మాత్రమే చిన్నసీసాలోనికి దీయుదును. పట్టుచీరలను పాత నూలుబట్టలో చుట్టి బీరువాలో నేలకు తగులని యరలోనుంచి, తెఱపి దినమున మడతలు మార్చి నీడను ఆరవేయుదును. జరీచీరను నెలరోజులు కదపక యుంచితిరేని బూజు తప్పదు.

బట్టలారుట మఱియొక సమస్య. ఇచ్చట వీధివీధిని నాణెములు వేసిన దిరుగు ఉతుకుయంత్రములును, ఆరబెట్టు యంత్రములును గల దుకాణములున్నవి. వానిని దోబీ యందురు. మన దేశమునుండి ఓడయెక్కి వచ్చిన చాకలి యిచ్చట యంత్రముగా మారినాడని మా యత్తగారు నవ్వుచుందురు. ఇంటియొద్ద ఉతికి, గంపతో దోబీకి గొనిపోయి, అరగంట వేడిగాలి పట్టించి తెచ్చుకొందుము. అచ్చట బల్లలపై కూర్చుండి యంత్రము ఆగువఱకు వేచియుండు స్త్రీల మాటలు వినుచునే నేను సగము మలయు భాషను నేర్చుకొంటిని. ఏ వాగు పొంగినది, ఏ త్రోవ తెగినది, ఏ కూర వెల యెంత పెరిగినదను వార్తలన్నియు వార్తాపత్రికకంటె ముందుగా ఆ బల్లయొద్దనే తెలియును.

కూరల మాట వచ్చినది గనుక ఈ యూరి అంగడిని గూర్చి చెప్పవలెను. కోట భారు నడిబొడ్డున పసార్ సితి ఖదీజా అను పెద్ద అంగడి గలదు. ముహమ్మదు ప్రవక్తగారి సతీమణియు, స్వయముగా వర్తకురాలును అగు ఖదీజాగారి పేర వెలసినది. పేరునకు దగినట్లే అచ్చట వర్తకులలో అత్యధికులు స్త్రీలు. క్రిందిభాగమున నడుమ కూరగాయల రాసులు, వాని మధ్య ఎత్తైన తిన్నెలపై రంగురంగుల ముసుగులు ధరించి కూర్చున్న స్త్రీలు. పై యంతస్తులలో భోజనపదార్థములు, బతిక్ బట్టలు. బేరమాడుటయందు వారి నేర్పు మన రైతుబజారులలోని స్త్రీల నేర్పునకు తీసిపోదు. శంఖుపుష్పములతో నీలిరంగు వేసి వండిన అన్నమును, పచ్చికూరల తురుముతో, కొబ్బరితో కలిపి నాసి కెరాబు అని అమ్ముదురు. అందు చేపల రసము చేరును గనుక మావంటి శాకాహారులు ముందే చెప్పి మానిపించుకొనవలెను.

వానకాలమున ఆ యంగడి రూపు మారును. అలల తాకిడిచేత చిన్నపడవలు కడలిలోనికి బోవు. తాజాచేపల వెల మింటికెగయును. ఎండుచేపలు ముందునకు వచ్చును. కేమరన్ కొండలనుండి వచ్చు కోసుపువ్వు, క్యారెట్టు మొదలగునవి కొండదారులు విఱిగిపడినపుడు రానే రావు. అప్పుడు ఊరికూరలే గతి. మన తూటికూరను వీరు కంగ్కుంగ్ అందురు; అది యెంతవానకైనను వెఱవదు. కర్రపెండలమును ఉడికించి, కొబ్బరికోరుతో వేడివేడిగా తినుట యిచ్చటి వానకాలపు అలవాటు. మా పిల్లలు దానిపై కొంచెము కారప్పొడి చల్లుకొందురు. ఇరువురు స్నేహితులకు గూడ ఆ రుచి నలవాటు చేసిరి.

ఈ వాన అందఱికిని ఒక్కతీరుగ నుండదు. గట్టియిల్లు, నెలజీతము గలవారికి వానపాట వినసొంపుగా నుండవచ్చును. రబ్బరుచెట్ల పాలు గీయువారికి చెట్టు తడిసినచో ఆనాటి కూలి లేదు. పడవవానికి కడలి లేదు. బతిక్ వేయు స్త్రీకి ఎండ లేదు. దోబీలో నాకు పరిచితురాలగు నొకామె భర్త రబ్బరుతోటలో పనిచేయును. నవంబరునుండి జనవరివఱకు వారి పొయ్యి వెలుగుట ఆమె కట్టి అమ్ము పిండివంటలవలననే. ఆ మూడు నెలల కొఱకే తాను మిగిలిన తొమ్మిది నెలలు చీటీ కట్టుదునని ఆమె చెప్పినది.

ఇక ఆరోగ్యము. నీరు నిలిచిన చోట దోమ యుండును. డెంగీని దెచ్చు దోమ మురికిగుంటకంటె శుభ్రమైన నిలువనీటినే కోరును, పగటిపూట కుట్టును. పూలకుండీల క్రింది పళ్ళెములు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, చూరునీటి గొట్టములు దానికి పురిటిళ్ళు. గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు చాలును గనుక, వారమున కొకమారు తప్పక ఆ నీటిని పారబోయవలెను. మాయింట శుక్రవారపు సెలవుదినమున ఈ పని పిల్లలది. రెండవది యెలుకలవలన వచ్చు జ్వరము. వాని మూత్రము కలిసిన వరదనీరు కాలిపుండునకు తగిలిన నది సోకును. చెప్పులు లేక నీటిలో దిగరాదు. పుండున్నవారు అసలే దిగరాదు. మూడవది త్రాగునీరు. ఈ రాష్ట్రమున భూగర్భజలము వాడుక మెండు. దానియందు ఇనుము పాలెక్కువగుటచే తెల్లబట్టలు పసుపుబారును. మేము ఏడాదిపొడుగున వడకట్టి, కాచి త్రాగుదుము. వరదదినములలో ఈ నియమము మఱింత గట్టిగా పాటింపవలెను.

వరదను వీరు బా అందురు. కెలంతాన్ నది దక్షిణపు కొండలయందు బుట్టి ఉత్తరవాహినియై కోట భారు ప్రక్కగా పోయి సముద్రమున గలియును. ఎగువ వాన పడినచో దిగువ నీరు వచ్చుటకు కొంత వ్యవధి యుండును. ఆ వ్యవధియే యీ యూరివారికి ప్రాణాధారము. ఎగువనున్న కువాలా క్రాయి యను నూరియొద్ద నది మట్టమును కొలుతురు. అచ్చట ఇరువదియైదు మీటర్లు ప్రమాదరేఖ. 2014 డిసెంబరులో నీరు 34 మీటర్లు దాటినది. ఊళ్ళకూళ్ళు కొట్టుకొనిపోయినవి, దేశమంతటను రెండు లక్షలకు పైగా జనము ఇండ్లు విడిచిరి. బురదరంగునుబట్టి దానికి బా కూనింగ్, అనగా పసుపువరద, అని పేరు వచ్చినది. అంతకు ముందు 1926లో వచ్చినదానిని ఎఱ్ఱవరద యని నేటికిని చెప్పుకొందురు. మన గోదావరి తీరపువారు 1986 నాటి వరదను జ్ఞాపకముంచుకొనినట్లే, వీరును వరదలతో కాలమును లెక్కించుకొందురు.

మా పొరుగున అరువదియేండ్ల యొక మలయు స్త్రీ యున్నది. ఆమెను మేమందఱము మక్‌చిక్ అని పిలుతుము. మన పిన్ని యనుటవంటిది. ఆమెది పూర్వపు పద్ధతి కొయ్యయిల్లు. ఆరడుగుల స్తంభములపై నిలిచియుండును. మాది నేలబారు సిమెంటుయిల్లు. మేము వచ్చిన తొలి అక్టోబరుననే ఆమె మాయింటికి వచ్చి, వంటయింటి నలువైపుల జూచి, వానకు ముందే గొడుగు సిద్ధపరచుకొనవలెనను తమ సామెతను జెప్పి, నాచేత ఒక మూట కట్టించినది. పాస్‌పోర్టులు, పిల్లల బడికాగితములు నీరుచొరని సంచిలో; మా యత్తగారి రక్తపుపోటు మాత్రలు నెలకు సరిపోవునవి; టార్చిలైటు; జత పొడిబట్టలు; అటుకులు, వేయించిన శనగలు, పప్పులపొడి. గ్యాసుబండను త్రాటితో కిటికీచువ్వలకు కట్టించినది. ఖాళీబండ నీటిలో తేలిపోవునట. ఆ మూట ప్రతియేట నవంబరు మొదటి తేదీకి మా తలుపుచెంత నుండును.

అది పనికివచ్చిన దినము 2024 నవంబరు చివర వచ్చినది. నాలుగైదు దినములు ఎడతెగని వాన. దేశమంతటను లక్షకు పైగా జనము ఇండ్లు విడిచిన వరద యది. అందు కెలంతాన్ వారే యెక్కువ. మావారు ఇచ్చట నొక వైద్యకళాశాలలో అధ్యాపకులు. గురువారమునాడు ఆసుపత్రికి వెళ్ళినవారు త్రోవలు మునుగుటచే తిరిగి రాలేకపోయిరి. శుక్రవారము తెల్లవారుజామున మా వాకిటి మెట్టు మునిగినది. విద్యుత్తు పోయినది. మక్‌చిక్ కొడుకు పడవను తెచ్చి మా గుమ్మముకడ నిలిపెను.

మా యత్తగారు కదలలేదు. “నెలరోజులు దీపం పెట్టిన దేవుణ్ణి నీళ్ళలో వదిలి నేనెక్కడికీ రానమ్మా. మీరు పిల్లల్ని తీసుకుని వెళ్ళండి,” అనిరి. పిల్లలిద్దఱును నా చెంగు పట్టుకొని యేడ్చుచుండిరి. నీరు గడప నంటుచుండెను. చీకటిలో నీటిశబ్దము తప్ప మఱేమియు వినరాదు. పిల్లలను పంపి నేనుండవలెనా, ఆమెను బలవంతముగ నెత్తించవలెనా, నాకు తోచలేదు. అప్పుడు మక్‌చిక్ తన యింటి వసారానుండి కేకవేసి, “అమ్మను దేవుని పెట్టెతో సహా తీసుకొనిరా, మా ముందుగదిలో గూడు ఖాళీచేసితిని,” అన్నది. ఆ మాటను తెలుగున జెప్పగానే మా యత్తగారు లేచి, విగ్రహములను పసుపుబట్టలో చుట్టి ఒడిలో పెట్టుకొని పడవయెక్కిరి. అరగంటలో మాయింటి నడవలో మోకాలిలోతు నీరు నిండినది.

మూడు రాత్రులు ఆ కొయ్యయింట గడపితిమి. రెండు కుటుంబములు, ఒకటే పొయ్యి. మాకొఱకు ఆమె ఒక మట్టిదాకను ప్రత్యేకించి, దానిలో చేప చేరనీయలేదు. మా అటుకులు, వారి కర్రపెండలము అందఱకును పంచుకొంటిమి. మగపిల్లలు నీటిలోనికి దూకి ఆడుటను జూచి మా పెద్దవాడు తానును దిగెదనని మారాము చేసెను. ఈ యూరివారికి వరదనీటిలో పిల్లల యాట ఒక వేడుక. కాని ఏటేట ఆ వేడుకలోనే పిల్లలు మునిగిపోవుట గలదు. మురుగుకాలువ యెక్కడనున్నదో పైకి గానరాదు. వానిని నేను దిగనీయలేదు. మక్‌చిక్ గూడ తన మనుమలను గట్టిగా మందలించి పైకి బిలిచెను. ఆదివారము సాయంకాలమున మావారు ఒక లారీపై కొంతదూరమును, నడచి కొంతదూరమును వచ్చి చేరిరి.

మఱునాడు డిసెంబరు 2వ తేది, మార్గశిర శుద్ధ పాడ్యమి. మన స్త్రీలు అరటిదొప్పలలో దీపములు వెలిగించి నీట విడుచు పోలిపాడ్యమి. మెట్ల క్రింద కావలసినంత నీరున్నది. కాని అందు దిగుటకు నేనొప్పుకొనలేదు. మా యత్తగారును పట్టుపట్టలేదు. మక్‌చిక్ పెరటి అరటిబోదెను ఆమె కొడుకు కోసి తెచ్చెను. ఆమె యొక వెడల్పు పళ్ళెమును, కొబ్బరినూనెను ఇచ్చెను. చూరునుండి పట్టిన శుభ్రమైన వాననీటిలో, వసారా మెట్టుమీద, తెల్లవారకముందే దీపములు తేలినవి. ఆ పండుగ యేమని మక్‌చిక్ అడుగగా, అత్త యింట వదలిపోయిన చిన్నకోడలు పోలి, పెరటిలోని ప్రత్తిని, కవ్వమున కంటిన వెన్నను దీసి దీపము పెట్టుకొని తరించిన కథను మా యత్తగారు చెప్పిరి. నేను మలయు భాషలో వినిపించితిని. ఆమె పకాలున నవ్వి, “అట్టి యత్తలు మా యూరను గలరు,” అన్నది. మా యత్తగారును నవ్విరి. ఆ నాలుగు దినములలో ఆమె నవ్వుట అదే మొదలు.

ఇల్లు చేరిన తరువాత పని మిక్కిలి. నీరు పూర్తిగా తీయకముందే, బురద మెత్తగా నుండగనే కడుగవలెను, ఎండినచో గడ్డకట్టును. తడిసిన విద్యుత్ పరికరములను పనివాడు చూచువఱకు ముట్టరాదు. బీరువాల క్రింద, పొయ్యివెనుక పాములు, తేళ్ళు చేరును. కఱ్ఱతో తట్టి చూడవలెను. నీటమునిగిన పిండి, పప్పు ఎంత ప్రియమైనవైనను పారవేయవలెను. బ్లీచింగుపొడి కలిపిన నీటితో నేలను కడిగి, తలుపులన్నియు తెఱచి గాలి యాడనీయవలెను. మాయింట ఈ పనికి అయిదు దినములు పట్టినది. దోబీ బల్లపై పరిచితులైన ముగ్గురు స్త్రీలు చీపుళ్ళతో వచ్చి సాయపడిరి.

సంక్రాంతినాటికి గూడ వాన పూర్తిగా తగ్గదు. ముంగిట ముగ్గు వేసిన గంటలో కొట్టుకొనిపోవును. అందుచే వసారా లోపలనే ముగ్గు పెట్టి, గొబ్బెమ్మలకు పసుపుముద్దను వాడుచున్నాము. ఫిబ్రవరిలో ఆకాశము తేటపడును. బతిక్ బట్టలు మరల తీగెలపై నెగురును. రబ్బరుతోటల వారికి మరల కూలి దొరకును.

పరదేశమున కాపురముండబోవు సోదరీమణులకు నేను చెప్పగలిగినది స్వల్పము. చీరలు, పచ్చళ్ళు సర్దుకొనుటతోబాటు, వెళ్ళబోవు చోట గాలి యేనెలలో నేవైపునుండి వీచునో, నీరెంతవఱకు వచ్చునో తెలిసికొనుడు. అది పుస్తకములకంటె పొరుగువారికి బాగుగ దెలియును. మక్‌చిక్ యింటి స్తంభముపై వరదల గుర్తులు గంట్లుగా చెక్కియున్నవి. 2014 నాటి గంటు మా పెద్దవాని తలకంటె జానెడెత్తున నున్నది. 2024 నాటి గంటును మా యెదుటనే ఆమె కొడుకు చెక్కెను. మాయింటి మూట కట్టునపుడు దీపపుగిన్నెను, ఒత్తులను ఆ రెండవ గంటు చెక్కిన యేటినుండియే అందు చేర్చుచున్నాము.